అరిగిన ఫైరింగ్ పిన్ను: మార్చాలా, మరమ్మతు చేయాలా, వదిలేయాలా?

పాత తుపాకుల మీద మోజున్నవాళ్లు గొట్టం గురించి, కర్రపని గురించి, ఇనుము మీద చెక్కిన నగిషీ గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. ఫైరింగ్ పిన్ను ప్రస్తావన మాత్రం అది పనిచేయనప్పుడే వస్తుంది. గొట్టం వెనకభాగాన్ని మూసే బ్లాకు కడుపులో దాక్కుని ఉండే చిన్న ఉక్కు పుల్ల అది. వెనక సుత్తి దెబ్బ తగిలితే ముందుకు జరిగి, మొనతో తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను పొడుస్తుంది. ప్రైమర్ రేగుతుంది, మందు అంటుకుంటుంది. 1860ల నుంచి 1890ల దాకా తయారైన సింగిల్ షాట్ రైఫిళ్లలో, అంటే ఒక్కో తూటా చేత్తో పెట్టి పేల్చే రైఫిళ్లలో, ఈ పుల్ల ఇప్పుడు నూటపాతికేళ్లు దాటిన సరుకు. అరిగింది, తుప్పు తిన్నది, వంగింది, విరిగింది. దాన్ని ఏం చేయాలన్నదే ప్రశ్న.

జవాబులకు కొదవ లేదు. కొత్తది కొని వేసెయ్యమని ఒకరంటారు. పాతదాని మొన మీద వెల్డింగు పోసి ఆకురాయితో సానబెట్టమని ఇంకొకరు. పిన్ను సంగతి తర్వాత, అది దూరే కన్నం సంగతి ముందు చూడమని మూడోవారు. అసలు ముట్టుకోవద్దని మ్యూజియం వాళ్లు. ఎనభై ఏళ్లుగా అమెరికా, బ్రిటన్ పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ నడుస్తున్న ఈ వాదాలన్నీ చదివితే ఒకటి తేలుతుంది: వీళ్లు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఒకరికి కావలసింది పేలే తుపాకి, ఇంకొకరికి కావలసింది అమ్ముడుపోయే తుపాకి, మరొకరికి కావలసింది సాక్ష్యం. ఏది కావాలో తేలకుండా పద్ధతి గురించి తగువుపడటం వల్లే ఇన్నేళ్లయినా వాదన తెగడం లేదు.

ముందు తుపాకుల సంగతి. గొట్టం మూతినుంచి మందు దట్టించే కాలం పోయి, వెనకనుంచి లోహపు తూటా పెట్టే కాలం వచ్చిన సంధిలో పుట్టినవి ఇవి. బ్రిటన్ 1866లో, అమెరికన్ జేకబ్ స్నైడర్ పద్ధతిలో, తన పాత ఎన్‌ఫీల్డ్ తుపాకుల వెనకభాగం కోసి తలుపులాంటి బ్లాకు బిగించింది. అమెరికా సైన్యం కూడా అలాంటి దారే పట్టింది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో ఎర్‌స్కిన్ అలిన్ రూపొందించిన పైకెత్తే మూత ఏర్పాటు 1873 మోడల్‌గా స్థిరపడి ఇరవై ఏళ్లు నడిచింది. రెమింగ్టన్ రోలింగ్ బ్లాకును డెన్మార్క్ 1867లోనే తీసుకుంది. బ్రిటన్ 1871లో మార్టినీ-హెన్రీకి మారింది. జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1879లో పేటెంటు పొందిన బ్లాకు నమూనాను వించెస్టర్ కంపెనీ 1883లో 8,000 డాలర్లకు కొని, 1885 మోడల్‌గా అమ్మింది.

ఇవన్నీ సింగిల్ షాట్ రైఫిళ్లే అయినా వీటి పిన్నులు ఒక జాతివి కావు. స్నైడర్‌లోనూ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనూ సుత్తి తుపాకి పక్కన ఉంటుంది, తూటా మధ్యలో ఉంటుంది. అందుకే పిన్ను బ్లాకులో ఏటవాలుగా పడుకుని ఉంటుంది. దెబ్బ ఒక దిక్కు నుంచి వస్తుంది, పొడవాల్సింది ఇంకో దిక్కున. ఆ ఏటవాలు వల్ల పిన్ను ఒక పక్కకే ఒరుసుకుని, కన్నాన్ని గుండ్రం నుంచి కోడిగుడ్డు ఆకారానికి తెస్తుంది. మార్టినీలో బయట సుత్తే లేదు; చుట్టల స్ప్రింగు తొడిగిన స్ట్రైకరు బ్లాకు లోపలే ముందుకు దూకుతుంది. దానిలో మొనకన్నా ముందు అరిగేది, దాన్ని వెనక్కి లాగే మీట కొక్కెం పట్టుకునే గాడి. రోలింగ్ బ్లాకులో సుత్తి పిన్నును కొట్టడమే కాదు, పేలే క్షణంలో బ్లాకు వెనక అడ్డంగా నిలబడి దాన్ని కదలకుండా పట్టుకుంటుంది కూడా. కాబట్టి సుత్తి ముఖాన్ని అరగదీసి పిన్ను లోపాన్ని సర్దేద్దామనుకునేవాడు అక్కడ తుపాకి తాళాన్నే అరగదీస్తున్నాడు.

ఇక అరుగుదల. అందరూ మొననే చూస్తారు. సుత్తి ఉన్న తుపాకుల్లో పిన్ను వెనక చివర కూడా అంతే చెడుతుంది. దెబ్బ తిని తిని ఆ చివర పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. విచ్చుకున్నంత మేర పిన్ను పొట్టిదవుతుంది. సుత్తి బ్లాకుకు ఆనుకుని ఆగిపోయే ఏర్పాటులో, మొన ఎంత బయటికి వస్తుందన్నది పిన్ను మొత్తం పొడుగు మీదే ఆధారపడుతుంది. వెనక అరిగితే ముందు దెబ్బ తగ్గుతుంది. మొన చూడటానికి చక్కగానే ఉంటుంది, తూటా మాత్రం పేలదు. ఇది గమనించక మొనకు వెల్డింగు పోయించుకున్నవాళ్లు తక్కువేం కాదు.

మొన చెడటానికి కారణం వేరే. ఆనాటి ప్రైమర్లలో పొటాషియం క్లోరేటు ఉండేది. అది మండాక మిగిలే పొటాషియం క్లోరైడు ఉప్పులాంటిదే. గాలిలో తేమను లాగి ఇనుమును తింటుంది. ఆనాటి నల్ల తుపాకి మందు (నల్లమందు) మసి దానికి తోడు. ప్రైమర్‌కు చిల్లు పడితే అందులోంచి ఎగజిమ్మే వేడి వాయువు మొనను కోసి గుంటలు చేస్తుంది. గుంటలు పడ్డ మొన గరుకుది, గరుకు మొన మళ్లీ ప్రైమర్‌కు చిల్లు పెడుతుంది. ఒకసారి మొదలైతే ఆగని చక్రం ఇది.

ఆ మొనలు అంత లావుగా ఎందుకు ఉండేవన్న ప్రశ్నకూ జవాబు తూటాలోనే ఉంది. 1870లలో అమెరికా సైన్యం వాడిన రాగి తూటాలకు ప్రైమర్ బయటికి కనిపించదు. అడుగులోపల కప్పులా అమర్చి ఉంటుంది. మొన దాన్ని చేరాలంటే ముందు రాగి అడుగును నొక్కాలి. దానికి లావు మొన, బరువు సుత్తి, గట్టి స్ప్రింగు కావాలి. తర్వాత పల్చని ప్రైమర్‌ను బయటినుంచే మార్చుకోగల తూటాలు వచ్చాయి. తుపాకి అదే, మొన అదే, తూటా మారిపోయింది. ఈనాడు అరిగిందని పారేస్తున్న కొన్ని మొనలు నిజానికి అరగలేదు, వేరే తూటా కోసం పుట్టాయి. కొలిచి, ఆ మోడల్ తొలి రూపంతో పోల్చి చూడనిదే అరుగుదలకూ ఆకారానికీ తేడా చెప్పలేం. ఈ పోలిక చేయకుండా తీర్పు చెప్పే వ్యాసాలే ఎక్కువ.

నిజంగా లోపం ఎక్కడుందో తేల్చడానికి ఖాళీ తూటా అడుగును మించిన పరికరం లేదు. దెబ్బ గుంట నడిమధ్యన పడిందా, పక్కకు జరిగిందా? లోతుగా ఉందా, నున్నగా ఉందా, అంచు పైకి లేచిందా? గుంట పక్కకు పడితే తప్పు చాలాసార్లు పిన్నుది కాదు, వదులైన బ్లాకుది. లోతు తక్కువైతే ముందు అనుమానించాల్సింది పిన్ను చుట్టూ పేరుకున్న పాత నూనె జిగురును. దశాబ్దాల తరబడి పోసిన నూనె గట్టిపడి బంకలా మారి, పిన్నును దారిలోనే పట్టేస్తుంది. తర్వాత సుత్తి స్ప్రింగు. ఆ తర్వాత తూటా అడుగుకూ బ్లాకు ముఖానికీ మధ్య ఖాళీ. ఇవన్నీ దాటాకే పిన్ను. బాగుచేసేవాళ్లు రాసిన మంచి పుస్తకాలన్నీ ఈ వరసే చెబుతాయి. ఫ్రాంక్ డి హాస్ 1969లో వెలువరించిన సింగిల్ షాట్ రైఫిళ్ల పుస్తకం విలువ కూడా పిన్నును విడిగా కాక మొత్తం యంత్రాంగంలో భాగంగా చూడటంలోనే ఉంది.

స్టీవెన్స్ కంపెనీ 'ఫేవరెట్' రైఫిలు దీనికి మంచి ఉదాహరణ. 1894 ప్రాంతాల నుంచి అమెరికాలో పిల్లల చేతుల్లో లెక్కలేనన్ని పెరిగాయి ఈ చిన్న .22 తుపాకులు. ఇవి రిమ్‌ఫైర్ జాతి: మందు అంటించే పదార్థం తూటా అంచులో ఉంటుంది, పిన్ను మధ్యలో కాక అంచు మీద కొట్టాలి. తూటా లేకుండా ఊరికే సుత్తి వదిలితే మొన నేరుగా తూటా కూర్చునే ఛాంబరు అంచుకు తగులుతుంది. పిల్లలు ఊరికే ఉండరు కదా. వేలసార్లు అలా వదిలాక మొన చదునవుతుంది, ఛాంబరు అంచులో గాడి పడుతుంది, గాడిలోంచి లేచిన లోహం తూటాను సరిగా కూర్చోనివ్వదు. దానికి తోడు బ్లాకును పట్టే మరలూ, లింకూ అరిగి, బ్లాకు కాస్త వెనక్కి కూర్చుంటుంది. కొత్త పిన్ను వేస్తే పది తూటాల్లో ఇంకో రెండు ఎక్కువ పేలొచ్చు, అంతకుమించి ఏం మారదు. ఛాంబరు అంచులో లేచిన లోహాన్ని వెనక్కి అణిచి, మరలను కాస్త లావు మరలతో మార్చితేనే రైఫిలు కుదుటపడుతుంది. పిన్ను చివరి పని.

పిన్నే కారణమని తేలాక ఉన్న దారుల్లో అన్నిటికన్నా సులువైనది విడిభాగం కొనడం. షార్ప్స్, రోలింగ్ బ్లాక్, వించెస్టర్ 1885 నమూనాలకు ఇటలీలో పెడెర్సోలీ, ఉబెర్టీ వంటి కంపెనీలు ఇప్పటికీ నకళ్లు చేస్తున్నాయి కాబట్టి పిన్నులు దొరుకుతాయి. దొరుకుతాయి, కానీ పాతదానిలో నేరుగా పట్టడం అరుదు. నకలు కొలతలు నకలువే. అసలు తుపాకులు కూడా ఒకే మోడల్లో ఏళ్లు గడిచేకొద్దీ మారుతూ పోయాయి. తొలి బ్లాకులో తర్వాతి పిన్ను దూరదు. కొన్న పిన్నును ఆకురాయితో సరిచేసి వేయక తప్పదు. అలా సానబెడుతూ దాని పై గట్టిదనాన్ని తీసేసేవాళ్లు ఎక్కువ.

రెండో దారి కొత్తది తయారుచేయడం. నా ఓటు దీనికే. ఏ చిన్న ఊళ్లోనైనా లేతు మిషను మీద పనిచేసే మంచి కార్మికుడికి ఇది కష్టమైన పని కాదు. కష్టం పదను పట్టించడంలో ఉంది. డ్రిల్ రాడ్ అని అమెరికాలోనూ, సిల్వర్ స్టీల్ అని బ్రిటన్‌లోనూ మన టూల్‌రూములలోనూ పిలిచే ఉక్కులో కర్బనం ఒక శాతం అటూఇటూ ఉంటుంది. సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కించి చల్లార్చితే అది గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసుబారుతుంది కూడా. అలాగే వదిలేస్తే నాలుగు దెబ్బలకే మొన విరిగి ఊడుతుంది. మళ్లీ మెల్లగా వేడిచేస్తే రంగులు వస్తాయి: 230 డిగ్రీల దగ్గర గడ్డి రంగు, ఇంకా పైకి పోతే ఊదా, 300 దగ్గర నీలం. ఉలికి గడ్డి రంగు మంచిది, పిన్నుకు నీలం. దెబ్బకు దెబ్బ తట్టుకునే సాగుడు పిన్నుకు కావాలి, అంచు నిలిచే గట్టిదనం కాదు. కొలిమి దగ్గర పుట్టి పెరిగిన కమ్మరికి ఇది ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేని విషయం. ఆ రంగులు చూసే కన్ను మన పల్లెల్లో ఇంకా ఉంది.

అసలు పిన్నులు ఇలాంటివి కావు. ఆనాటి చాలా భాగాలు మెత్తటి ఇనుమో, తక్కువ కర్బనం ఉక్కో. ఎముకల బొగ్గులో కాల్చి పై పొరకు మాత్రమే గట్టిదనం ఎక్కించేవారు. ఆ పొర మందం అంగుళంలో కొన్ని వేల వంతులే. గుంటలు పడ్డ మొనను నునుపు చేద్దామని ఎవరైనా ఆకురాయి పెడితే ముందు పోయేది ఆ పొరే. మొన నునుపుగా తేలుతుంది, లోపలి మెత్తన బయటపడుతుంది, నెల తిరక్కుండా చదునవుతుంది. చిన్న మరమ్మతుగా కనిపించే ఈ నునుపు పనే పాత పిన్నులకు అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసిందని నా అభిప్రాయం. పొట్టిదైన పిన్ను ఇంకాస్త ముందుకు వెళ్లేలా దాని భుజాన్ని అరగదీయడం కూడా అలాంటిదే. కొన్నాళ్లు పనిచేస్తుంది, ఆ తర్వాత వెనక సుత్తికీ పిన్నుకూ పొంతన తప్పుతుంది.

వెల్డింగు పక్షంవాళ్ల వాదన వేరు: అసలు భాగం తుపాకిలోనే ఉండాలి, అరిగినంత మేర లోహం పోసి మళ్లీ ఆకారం తేవాలి. టిగ్ వెల్డింగు వచ్చాక ఇది చిన్న మొనల మీద కూడా సాధ్యమైంది. చూపుకు నిజాయితీగా అనిపించే దారి. కానీ చుట్టూ ఉన్న లోహం పదను ఆ వేడికి పోతుంది, మళ్లీ పెట్టాలి. ఆనాటి ఇనుములో చారలు చారలుగా లోహపు మడ్డి ఉంటుంది. దాని మీద పోసిన లోహం ఎక్కడ పట్టింది, ఎక్కడ పట్టలేదు అన్నది బయటికి కనిపించదు. ఇంతా చేసి చివరికి చేతిలో మిగిలేది పూర్తిగా పాతదీ కాదు, కొత్తదీ కాదు. వెండి సోల్డరుతో మొన అతికించడం ఇంకా తక్కువ రకం: ఆ సోల్డరు కరిగే 600, 700 డిగ్రీల వేడి మొన పదనును పూర్తిగా తీసేస్తుంది.

ఇక కన్నం సంగతి. ఈ మొత్తం చరిత్రలో నిజమైన ఇంజినీరింగ్ ఆలోచన ఇక్కడే జరిగింది, అందుకే కాస్త ఆగి చూడాలి. మసాచుసెట్స్‌లో ఫ్రాంక్లిన్ మాన్ అనే వైద్యుడు తుపాకి గుండు ప్రయాణం మీద ఏళ్లపాటు ప్రయోగాలు చేసి 1909లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. ఆయనతో కలిసి పనిచేసిన తుపాకుల పనివాడు అడాల్ఫ్ నీడ్నర్. వీళ్లిద్దరి పేర్లతో ప్రచారమైన 'మాన్-నీడ్నర్' పిన్ను వించెస్టర్ 1885లాంటి తుపాకుల్లో పాత లావు కన్నాన్ని పూడ్చి, బుష్ బిగించి, అందులో చిన్న గుండ్రని మొన ఉన్న సన్న పిన్నును అమర్చే పద్ధతి. మొన వ్యాసం అంగుళంలో పదహారో వంతు దగ్గర ఉంటుంది.

ఎందుకు? నల్లమందు కాలం తూటాలు ఒత్తిడి తక్కువవి; వాటిలో ఒకటైన .45-70కి అమెరికా పరిశ్రమ ప్రమాణం ఈనాటికీ చదరపు అంగుళానికి 28 వేల పౌండ్లు దాటనివ్వదు. 1930లలో అవే రైఫిళ్లలో జనం .22 హార్నెట్ వంటి పొగలేని మందు తూటాలు వేయడం మొదలుపెట్టారు. ఆ ఒత్తిడి 40 వేలు దాటుతుంది. ఆ ఒత్తిడి ప్రైమర్ ద్వారా పిన్ను మొన మీద వెనక్కి తోస్తుంది. కన్నం అంగుళంలో పదో వంతు ఉంటే, 40 వేల దగ్గర మొన మీద పడే తోపు సుమారు 314 పౌండ్లు, అంటే 140 కిలోల పైమాట. పదహారో వంతు చేస్తే అదే తోపు 123 పౌండ్లకు, 56 కిలోల దగ్గరికి పడిపోతుంది. వైశాల్యం వ్యాసం వర్గంతో తగ్గుతుందన్న చిన్న లెక్క, అంతే. 140 కిలోల తోపుకు పిన్ను సుత్తినే వెనక్కి తన్నగలదు. మొన చుట్టూ ఉన్న ఖాళీలోకి ప్రైమర్ లోహం ఉబ్బి దూరగలదు. చిల్లు పడి వాయువు కంటి వైపు రాగలదు. అరిగిన పాత పిన్ను స్థానంలో అంతే లావున్న మెరిసే కొత్త పిన్ను వేసి, కొత్త తూటాలు పేల్చేవాడు ఈ లెక్క చేయలేదన్నమాట. బుష్ పక్షంవాళ్లు పిన్ను సంగతి తర్వాత చూద్దామనడానికి కారణం ఇదే, వాళ్ల మాట సబబే. అయితే ఆ మాట పేల్చే తుపాకికే వర్తిస్తుంది. బుష్ వేయడమంటే బ్లాకు ముఖాన్ని తొలవడం, అది వెనక్కి తీసుకోలేని పని. నల్లమందు తూటాలు తప్ప ఇంకోటి వేయని రైఫిలుకు, గాజుపెట్టెలో కూర్చునే రైఫిలుకు దాని అవసరమే లేదు. అమెరికన్ సింగిల్ షాట్ రైఫిల్ అసోసియేషన్ 1948 నుంచి కూడగట్టిన అభిమానుల్లో పోటీల్లో పేల్చేవాళ్లకూ ఊరికే దాచుకునేవాళ్లకూ మధ్య తగువు సరిగ్గా ఇక్కడే వస్తుంది.

కేటలాగులో విడిభాగమే లేని తుపాకులూ ఉన్నాయి. 2003లో ఖాట్మండులోని లగన్ సిలేఖానా అనే పాత రాజభవనంలో ఉన్న నేపాల్ సైన్యపు పాత ఆయుధాగారాన్ని అమెరికన్ వ్యాపారులు మొత్తంగా కొన్నారు. అందులో స్నైడర్లు, మార్టినీలతో పాటు నేపాల్‌లోనే చేసిన గహేంద్ర రైఫిళ్లు ఉన్నాయి. జనరల్ గహేంద్ర శంషేర్ పేరు మీదుగా వాటికా పేరు. బయటికి మార్టినీలా కనిపించినా లోపలి యంత్రాంగం వెస్ట్‌లీ రిచర్డ్స్ అనే బ్రిటిష్ కంపెనీ పద్ధతికి దగ్గరది. వీటి భాగాలు చేత్తో చేసినవి, ఒక్కో తుపాకికి ఒక్కో అమరిక, భాగాల మీద దేవనాగరి అంకెలు. ఒకదాని పిన్ను ఇంకోదానిలో పట్టదు. కాబట్టి గహేంద్ర పిన్ను విరిగితే ఆ తుపాకినే కొలిచి, ఆ తుపాకికే చేయాలి. పరస్పరం మార్చుకోగల భాగాలన్నది అమెరికా ఆయుధశాలల్లో వేళ్లూనుకున్న గర్వం. దానికి బయట పుట్టిన తుపాకుల విషయంలో అమెరికన్ మరమ్మతు పుస్తకాలు చెప్పేదానిలో సగం పనికిరాదు.

ఇంతవరకూ చెప్పినవన్నీ పిన్నును ఒక పనిముట్టుగా చూసిన మాటలు. దాన్ని సాక్ష్యంగా చూడొచ్చని నిరూపించింది లిటిల్ బిగ్‌హార్న్. 1876 జూన్ 25న మోంటానాలో ఆ పేరున్న నది ఒడ్డున లకోటా, చెయెన్ యోధులు అమెరికా సైన్యాధికారి కస్టర్‌నూ అతని వెంట ఉన్న సుమారు 210 మందినీ మట్టుబెట్టారు. కస్టర్ వెంట ఉన్నవాళ్లలో కథ చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. 1983 ఆగస్టులో ఆ యుద్ధభూమి మీద గడ్డి తగలబడి నేల బయటపడింది. ఆ తర్వాత రెండేళ్లు డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ ఆధ్వర్యంలో పురాతత్వవేత్తలు, మెటల్ డిటెక్టర్లు పట్టిన స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి నేలంతా జల్లెడ పట్టారు. దొరికిన ఖాళీ తూటాల అడుగుల మీద పిన్ను గుర్తులను, నేరపరిశోధనలో వాడే పోలిక మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. ఒకే పిన్ను గుర్తున్న తూటాలు ఏయే చోట్ల దొరికాయో పటం మీద గుర్తిస్తే, ఒక్కో తుపాకి ఆ రోజు ఎక్కడినుంచి ఎక్కడికి కదిలిందో బయటపడింది. సైనికులు ఏ దిబ్బ మీద నిలబడ్డారు, యోధులు ఎటునుంచి మీదికి వచ్చారు అన్నది తుపాకి తుపాకికీ గీత గీసి చూపగలిగారు. ఆ యుద్ధంలో వాడినవని పేరున్న కొన్ని తుపాకులను పేల్చి, వాటి గుర్తులను నేలలో దొరికిన తూటాలతో పోల్చి చూశారు కూడా.

పిన్ను మొన మీద ప్రతి గీతా, ప్రతి గుంటా ఒక సంతకం. ఆ తుపాకి ఏ తూటాను పేల్చిందో చెప్పగలిగిన సంతకం అదొక్కటే కాదు. తూటాను లాగే పంటి గుర్తు కూడా ఉంది, గొట్టంలోని గాళ్ల గుర్తులూ ఉన్నాయి. కానీ నేలలో మిగిలేది ఎక్కువగా ఖాళీ తూటాలే, వాటి మీద పిన్ను గుర్తే అన్నిటికన్నా స్పష్టం. ఒక 1873 స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్ పిన్నును ఎవరైనా 1980కి ముందే నునుపు చేసేసి ఉంటే, ఆ తుపాకి ఆ యుద్ధంలో ఉందో లేదో తేల్చే దారుల్లో ముఖ్యమైనది ఆనాడే మూసుకుపోయింది. అలా ఎన్ని మూసుకుపోయాయో తెలుసుకునే మార్గం లేదు. మరమ్మతు పుస్తకాలు ఈ విషయాన్ని ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. అవి రాసినవాళ్లు గొప్ప పనివాళ్లు, కానీ తుపాకి పేలిందా లేదా అన్నదే వాళ్ల కొలమానం.

అందుకే ముట్టుకోవద్దనే మ్యూజియం వాదం నాకు మొదట్లో అనిపించినంత ఛాందసం కాదు. కట్టడాల పరిరక్షణ మీద 1964లో వెలువడిన వెనిస్ ఒప్పందం, పోయిన భాగాల స్థానంలో పెట్టే కొత్తవి మొత్తంతో ఇమిడిపోవాలి, అయినా పాతవాటి నుంచి విడిగా గుర్తుపట్టగలగాలి అంటుంది. ఆ మాట తుపాకుల కోసం రాసింది కాదు, అయినా పిన్నుకు చక్కగా సరిపోతుంది. పాత పిన్నును ఉన్నదున్నట్టు తీసి, తుడిచి, ఏ తుపాకిదో రాసిన చీటీతో సంచిలో దాచాలి. కొత్త పిన్ను చేసి దాని మీద చేసిన సంవత్సరం చిన్నగా కొట్టాలి. ఇది పేల్చేవాడికీ నష్టం లేని దారి: కొత్త పిన్నుతో నల్లమందు తూటా పేల్చుకోవచ్చు, కావలసినప్పుడు పాతది తిరిగి పెట్టొచ్చు. వెల్డింగు పోసిన పిన్నుకు ఈ వీలు లేదు. ఒక్క అభ్యంతరం ఉంది, అమ్మకందార్ల నుంచి: అన్ని భాగాలూ అసలువేనని చెప్పుకుంటేనే ధర. ఆ అభ్యంతరం అంగడిది, తుపాకిది కాదు.

పిన్ను బాగుచేసినంత మాత్రాన చట్టం దృష్టిలో తుపాకి మారిపోతుందా? దేశానికో జవాబు. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం 1898లోనో అంతకుముందో తయారైనదాన్ని పురాతనమంటుంది. పిన్ను ఎలా ఉన్నా లెక్కలేదు. బ్రిటన్‌లో తూటా ఏదన్నది, యజమాని ఉద్దేశం ఏమిటన్నది ముఖ్యం: 2021 నిబంధనల జాబితాలో వాడుక తప్పిన తూటాల్లో ఉండి, వింత వస్తువుగానో అలంకారంగానో దాచుకుంటే సరే, పేల్చాలనుకున్న క్షణంలో అదే మార్టినీకి సర్టిఫికెట్ కావాలి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ఇంకోలా అడుగుతుంది. 45వ సెక్షన్ కింద పాత నమూనా ఆయుధానికో, పురాతన విలువున్నదానికో, చెడిపోయినదానికో మినహాయింపు దొరకాలంటే, అది మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానిదై ఉండాలి. చెడిపోయిందా అన్నదొక్కటే ఇక్కడ చాలదు, బాగుచేయడానికి వీలుందా అన్నది కూడా చూస్తారు.

తాతల నాటి ఒంటి గుండు రైఫిలు పరంపరగా వచ్చిన ఇళ్లు మన కోస్తా, తెలంగాణ జిల్లాల్లోనూ ఉన్నాయి. పిన్ను విరిగింది కాబట్టి అది ఇక తుపాకే కాదు, లైసెన్సు పునరుద్ధరించక్కర్లేదు అన్న నమ్మకం అక్కడక్కడా వినిపిస్తుంది. చట్టం మాట ప్రకారం ఆ నమ్మకం నిలవదు. విరిగిన పిన్ను మధ్యాహ్నానికల్లా లేతు మీద తయారవుతుంది కాబట్టి, ఆ రైఫిలు మరమ్మతుతో పనికివచ్చేదే. పైగా 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి మరమ్మతు చేయడమే నేరం. లేతు పనివాడి చేతికి ఆ పిన్ను ఇచ్చినవాడు అతన్ని కూడా చిక్కుల్లో పడేస్తాడు. వందేళ్లు దాటిన రైఫిలైతే 1972 పురావస్తువుల చట్టం కూడా పరిధిలోకి వస్తుంది, దేశం దాటించడానికి వీలుండదు. మరి మరమ్మతుకు కూడా లొంగని స్థితి అంటే ఏమిటి? గొట్టం పగిలితేనా, బ్లాకు వెల్డింగుతో మూసేస్తేనా, రెండూనా? పిన్ను తీసేస్తే చాలదన్నది మాత్రం చట్టం మాటల్లోనే ఉంది. మిగతాది ఆ రైఫిలును చూసిన అధికారి తేల్చాలి; లైసెన్సు కాగితం చేతిలో ఉండగానే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.